అన్నగారి ఇంట్లో ఉండిపోయిన వస్తువులు: సంతకం పెట్టే ముందు

మీరు రాసిన సంగతులను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే జవాబంతా వాటి మీదే నిలబడి ఉంది. గాజువాకలో మీ నాన్నగారు కట్టించిన ఇంట్లో అన్నయ్య, వదినలతో కలిసి ఉండేవారు. అమ్మగారు 2018లోను, పోర్టులో పని చేసి విరమించిన నాన్నగారు 2021లోను కాలం చేశారు. ఇంటి వాటా మాట వచ్చి గొడవ ముదరడంతో, గత దసరా వెళ్ళిన వారంలో రెండు జతల బట్టలతో బయటికి వచ్చి ఎంవీపీ కాలనీలో హాస్టల్లో చేరారు. మీ జీతంతో కొనుక్కున్న గొలుసు, గాజులు, అమ్మ మీ చేతికిచ్చిన హారం, అమ్మ బీరువాలోని మిగతా నగలు, వెండి సామాను, చదువు సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్, కుట్టుమిషను, మీ పేరున ఉన్న స్కూటరు, అమ్మ ఫొటోలున్న ఆల్బమ్ అన్నీ అక్కడే ఉండిపోయాయి. "ఇంట్లో నాకు వాటా వద్దని రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టు, ఆ రోజే నీ సామాను పట్టుకుపో" అని అన్నయ్య వాట్సాప్‌లో కబురు పంపారు. సంతకం పెట్టేసి తెచ్చుకోవడమా, పోలీసు స్టేషనుకు వెళ్ళడమా అని అడిగారు.

మొదటి దానికి జవాబు: ఆ సంతకం పెట్టవద్దు. విశాఖపట్నం కోర్టుల్లో ఇరవై రెండేళ్లుగా ఎక్కువగా కుటుంబ ఆస్తి తగాదాలే చూస్తున్న వకీలుగా నేను గమనించినది ఒకటుంది. ఇలాంటి చోట వస్తువుల తగాదాను, ఇంటి వాటా తగాదాను ఒకే మూటలో కట్టనిచ్చినవారే ఎక్కువగా నష్టపోతారు. ఆ మూట కట్టేది సాధారణంగా వస్తువులు ఎవరి చేతిలో ఉన్నాయో వారే. మీ కుట్టుమిషను, మీ సర్టిఫికెట్లు మీవి కావని మీ అన్నయ్య కూడా అనడం లేదని గమనించండి. ఆయన వాటికి బదులుగా ఇంకొకటి అడుగుతున్నారు. మీ వస్తువు మీకు ఇవ్వడానికి బదులు అడిగే హక్కు ఆయనకు లేదు.

భారత ఒప్పందాల చట్టం, 1872లోని 15వ సెక్షను బలవంతం అంటే ఏమిటో చెబుతుంది. కొడతానని, చంపుతానని బెదిరించడం ఒక్కటే బలవంతం కాదు. ఒకరి చేత ఒప్పందం చేయించుకోవాలన్న ఉద్దేశంతో ఆస్తిని చట్టవిరుద్ధంగా పట్టి ఉంచడం, అలా పట్టి ఉంచుతానని బెదిరించడం కూడా ఆ సెక్షను ప్రకారం బలవంతమే. అలా రాబట్టిన సమ్మతితో జరిగిన ఒప్పందాన్ని, సమ్మతి ఇచ్చినవారు కోరితే, 19వ సెక్షను ప్రకారం రద్దు చేయించుకోవచ్చు. ఐతే ఇది చదివి, ముందు సంతకం పెట్టి సామాను తెచ్చుకుని తరువాత రద్దు చేయించుకుందామని మాత్రం అనుకోకండి. రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజును రద్దు చేయించడానికి మూడేళ్ల లోపల దావా వేయాలి, బలవంతం జరిగిందని రుజువు చేసే భారం మీ మీదే పడుతుంది, పైగా సబ్ రిజిస్ట్రారు ఎదుట మీ ఇష్టప్రకారమే రాసిచ్చానని మీరు ఒప్పుకుని వేలిముద్ర వేసిన సంగతి ఆ దస్తావేజులోనే ఉంటుంది. దాన్ని తిరగదోడడం కంటే ఇప్పుడు వద్దనడం ఎంతో తేలిక. అన్నయ్య పంపిన ఆ సందేశం ఈనాడు మీ దగ్గరున్న అతి విలువైన ఆధారం. వస్తువులు తన దగ్గర ఉన్నాయని, అవి మీవేనని, ఎందుకు ఇవ్వడం లేదో కూడా ఆయనే స్వయంగా రాసి ఇచ్చినట్లయింది. ఆ సంభాషణను చెరపకండి, ఫోను మార్చకండి. ఇలాంటి ఎలక్ట్రానిక్ ఆధారాన్ని కోర్టులో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షను ప్రకారం ధృవీకరణ పత్రం జతచేయాలి. అది మీ వకీలు చూసుకుంటారు. మీరు అసలు ఫోనును భద్రంగా ఉంచితే చాలు.

ఇంటి సంగతి ఇక్కడ ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. నాన్నగారు తన సంపాదనతో కట్టించి, వీలునామా రాయకుండా కాలం చేసి ఉంటే, హిందూ వారసత్వ చట్టం, 1956లోని 8వ సెక్షను ప్రకారం కొడుకుకు, కూతురికి సమాన వాటా వస్తుంది. మీరు ఇల్లు వదిలి వచ్చినంత మాత్రాన ఆ సగం ఎక్కడికీ పోదు. దాని దారి భాగ పంపిణీ దావా. అది వేరే పని, తొందరపడి ఈ వారమే తేల్చుకోవలసినదీ కాదు.

ఇక వస్తువులు. మీరు పంపిన జాబితాలో అన్నీ కలిపి ఒకే వరుసలో రాశారు. దాన్ని చించేసి, ప్రతి వస్తువు పక్కన అది మీ చేతికి ఎలా వచ్చిందో రాస్తూ కొత్త జాబితా తయారు చేయండి. అలా రాసినప్పుడు అవి వాటంతటవే వేరుపడతాయి. మీ డబ్బుతో కొన్నవి, మీ పేరున ఉన్నవి పూర్తిగా మీవి. వాటి మీద వాదనే లేదు. తరువాత అమ్మ ఇచ్చిన హారం. చరాస్తిని దానంగా ఇవ్వడానికి కాగితం ఉండి తీరాలని చాలామంది అనుకుంటారు, కానీ ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 123వ సెక్షను ప్రకారం చర వస్తువును చేతికి అందించినా దానం పూర్తయినట్టే. అమ్మ జబ్బుతో ఉన్నప్పుడు ఆ హారం మీ చేతిలో పెట్టారని, తరువాత మీ పిన్నిగారి అబ్బాయి పెళ్లికి మీరు పెట్టుకుని వెళ్లారని రాశారు. అలాగైతే ఆ హారం మీదే, అమ్మ ఆస్తిలో భాగం కాదు. దానికి విరుద్ధంగా, వడ్డాణం గురించి "ఇది నీ పెళ్లికి" అని అమ్మ అంటూ ఉండేవారే తప్ప, అది ఎప్పుడూ బీరువాలోనే ఉంది. ఆ మాట ఎంత ప్రేమతో అన్నదైనా చట్టం దృష్టిలో దానం కాదు.

కాబట్టి వడ్డాణం, బీరువాలోని మిగతా నగలు, అమ్మ వెండి సామాను వారసత్వపు ఆస్తి. వీలునామా లేకుండా హిందూ స్త్రీ కాలం చేస్తే ఆమె ఆస్తి హిందూ వారసత్వ చట్టంలోని 15వ సెక్షను ప్రకారం మొదట కొడుకులకు, కూతుళ్లకు, భర్తకు సమానంగా వెళుతుంది. 2018లో నాన్నగారు ఉన్నారు కనుక ముగ్గురికీ మూడో వంతు చొప్పున వచ్చింది. 2021లో నాన్నగారి మూడో వంతు తిరిగి మీ ఇద్దరికీ చెరిసగమైంది. ఎలా లెక్కవేసినా చివరికి సగం మీది, సగం అన్నయ్యది. అమ్మ నగలు ఆడపిల్లకే చెందుతాయని మన ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. నాకు ఆ ఆచారం మీద గౌరవమే కానీ, కోర్టులో అది నిలబడదు. ఉమ్మడి హక్కున్న వస్తువు అన్నయ్య దగ్గర ఉన్నంత మాత్రాన దాన్ని దొంగతనం అనలేము. ఈ భాగాన్ని ఇంటితో పాటు భాగ పంపిణీ దావాలో చేర్చుకోవాలి. ఇల్లు ఒక్కదానికే భాగం కోరి నగలు వదిలేసినా, నగలకే కోరి ఇల్లు వదిలేసినా ఎదుటివారి వకీలు ఆ లోపాన్ని పట్టుకుంటారు.

ఈ విభజన మీద ఇంతసేపు ఎందుకు ఆగానంటే, ఫిర్యాదులు చెడిపోయేది ఇక్కడే. కోపంలో ఉన్నవారు "అరవై తులాల బంగారం దాచేశారు" అని రాస్తారు. అందులో నలభై తులాలు ఉమ్మడివని ఎదుటివారు చూపించగానే, నిజంగా తమవైన ఇరవై తులాల గురించి చెప్పిన మాటను కూడా ఎవరూ నమ్మరు. మీ స్వంత వస్తువుల జాబితాలో ఒక్క ఉమ్మడి వస్తువు కూడా ఉండకూడదు.

బంగారాన్ని గ్రాముల్లో రాయండి. తులమంటే కొందరికి పది గ్రాములు, పాత లెక్క ప్రకారం పదకొండున్నరకు పైమాటే. కాసు అంటే ఎనిమిది అని ఒకరు, వారి ఊళ్లో లెక్క వేరని ఇంకొకరు వాదించడం సాక్షి బోనులో నేను చూశాను. మీ గొలుసుకు, గాజులకు బిల్లు ఉంటే అందులో హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య ఉందేమో చూడండి. 2021 జూలై తరువాత వచ్చిన ఆరు అక్షరాల సంఖ్య అది. ఏ రెండు నగలకూ ఒకే సంఖ్య ఉండదు కనుక ఆ నగ మీదేనని చెప్పడానికి అంతకంటే గట్టి గుర్తు లేదు. బిల్లు పోయినా దుకాణం వారి దగ్గర మీ ఫోను నంబరు మీద నకలు దొరకవచ్చు, కార్డుతోనో ఫోనుతోనో చెల్లించి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటుంది.

పాత నగలకు బిల్లులు ఉండవు. అక్కడ చాలామందికి తట్టని ఆధారం ఒకటుంది: ఎప్పుడో బ్యాంకులో నగలు కుదువపెట్టినప్పటి కాగితం. నగల మీద అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు తరఫు కంసాలి ఒక్కొక్క నగ పేరు, స్థూల బరువు, రాళ్లు తీసివేసిన నికర బరువు రాసి సంతకం పెడతాడు. తల్లి వైద్యం కోసం తన పేరున నగలు తాకట్టు పెట్టి విడిపించిన ఒక సోదరికి, తొమ్మిదేళ్ల తరువాత ఆ చీటీయే అక్కరకు వచ్చింది. "అలాంటి హారమే మా ఇంట్లో లేదు" అని లిఖితపూర్వకంగా జవాబిచ్చిన ఆమె అన్నగారు, బ్యాంకు రిజిస్టరు కోర్టుకు వచ్చిన వాయిదా తరువాతి వాయిదాకు రాజీకి వచ్చారు. మీరు కూడా అమ్మ ఆసుపత్రి ఖర్చుకు ఒకసారి హారం కుదువపెట్టామని రాశారు. ఆ అప్పు మీ పేరున తీసుకున్నదైతే, రేపే ఆ బ్యాంకు శాఖకు వెళ్లి ఖాతా వివరాల నకలు కోరుతూ అర్జీ పెట్టండి. ఏ ఆధారమూ లేని వస్తువు గురించి బంధువుల సాక్ష్యం ఉంటుంది కానీ, బంధువులు రెండు వైపులా ఉంటారన్నది మరిచిపోవద్దు.

తరువాతి మెట్టు లాయరు నోటీసు. నోటీసు అనగానే బంధం తెగిపోతుందని భయపడతారు. నిజానికి మర్యాదగా రాసిన నోటీసు వల్ల తెగిన బంధాలను నేను పెద్దగా చూడలేదు. స్టేషనుకు పిలిపించినప్పుడు తెగినవి మాత్రం చాలా చూశాను. నోటీసులో మీ స్వంత వస్తువుల జాబితా ఉండాలి, మీరు బయటికి వచ్చిన తేదీ ఉండాలి, వాటిని భద్రపరచమని నమ్మకంతో వదిలి వచ్చారన్న మాట ఉండాలి, ఫలానా తేదీలోగా తిరిగి ఇవ్వమని అడగాలి. ఇంటి వాటా గురించి "నా హక్కులన్నీ అలాగే ఉన్నాయి" అన్న ఒక్క వాక్యం తప్ప ఇంకేమీ ఉండకూడదు. వదినగారు అన్న మాటలు, పెళ్లి సంబంధాల సంగతులు అందులో వద్దు.

ఆ నోటీసుకు ఇంకొక ప్రయోజనం ఉంది. కాలపరిమితి చట్టం, 1963 ప్రకారం చర వస్తువులను తిరిగి రాబట్టే దావాకు మూడేళ్ల గడువు. దాచమని అప్పగించిన వస్తువుల విషయంలో 70వ అధికరణం ప్రకారం ఆ మూడేళ్లు, మీరు అడిగిన తరువాత ఆయన ఇవ్వనన్న రోజు నుంచి మొదలవుతాయి. అక్రమంగా తీసుకున్న వస్తువులైతే తీసుకున్న రోజు నుంచే మొదలవుతాయి. మీ విషయాన్ని కోర్టు ఏ కోవలో పెడుతుందో ముందే చెప్పలేము కనుక, మీరు బయటికి వచ్చిన రోజు నుంచే మూడేళ్లు లెక్కవేసుకుని దానికి లోబడి నడవడం క్షేమం. పండగలకు మెత్తబడతారని ఎదురుచూసి నాలుగో ఏట నా దగ్గరికి వచ్చినవారికి నేను చెప్పగలిగింది చాలా తక్కువ.

పోలీసుల సంగతి. నమ్మి అప్పగించిన వస్తువును దురుద్దేశంతో సొంతం చేసుకోవడం నేరపూరిత నమ్మకద్రోహం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 316వ సెక్షను, శిక్ష అయిదేళ్ల వరకు. కానీ స్టేషనుకు వెళితే "ఇది సివిల్ తగాదా" అనే మాటే మొదట వినిపిస్తుంది. అది ఎప్పుడూ తప్పించుకునే మాటే అనుకోకండి. కుటుంబ తగాదాల్లో కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి తీర్పులోనే చెప్పింది. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను కూడా, మూడేళ్లు లేదా అంతకు పైబడి, ఏడేళ్లకు లోబడిన శిక్ష ఉన్న నేరాల్లో పై అధికారి అనుమతితో పద్నాలుగు రోజుల్లో అలాంటి విచారణ ముగించే వీలు ఇస్తోంది. ఫిర్యాదు తీసుకోకపోతే దాని సారాంశాన్ని తపాలాలో పై అధికారికి పంపవచ్చు, అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఐనా మీ విషయంలో నేను దీన్ని మొదటి మెట్టుగా సలహా ఇవ్వను. క్రిమినల్ కేసు అన్నయ్యను శిక్షించడానికి పనికి వస్తుందేమో కానీ, వస్తువు వేగంగా మీ చేతికి రావడానికి అది సరైన దారి కాదు. పోలీసులు స్వాధీనం చేసుకున్న నగ కూడా కోర్టు ఉత్తర్వుతోనే మీకు అందుతుంది. అన్నయ్య నగలు అమ్మేస్తున్నారని, కరిగిస్తున్నారని తెలిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు. మీ మీద చేయి చేసుకుంటారన్న భయం ఉంటే 112కు గానీ, మహిళల సహాయ సంఖ్య 181కు గానీ వెంటనే ఫోను చేయండి.

మీకు నేను ముందుగా చూపించే దారి వేరే ఉంది. గృహ హింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం భార్యాభర్తల మధ్య తగాదాలకే అని మన వాళ్లలో చాలామంది, కొందరు స్టేషను అధికారులతో సహా, అనుకుంటారు. చట్టం అలా అనదు. రక్తసంబంధం వల్ల ఒకే ఇంట్లో కలిసి ఉంటున్న, ఎప్పుడైనా కలిసి ఉన్న వారి మధ్య బంధం కూడా దాని 2వ సెక్షను కిందికి వస్తుంది. అంటే తల్లి, చెల్లెలు, వితంతువైన అక్క ఎవరైనా దాన్ని వాడుకోవచ్చు. కొట్టడం, తిట్టడం ఒక్కటే హింస కాదు. స్త్రీకి హక్కున్న ఆస్తిని అందకుండా చేయడం, అమ్మివేయడం ఆర్థిక హింస కిందికి వస్తుందని 3వ సెక్షను చెబుతుంది. ప్రతివాది మగవారే అయి ఉండాలన్న షరతును సుప్రీంకోర్టు 2016లో కొట్టివేసింది కనుక, బీరువా తాళాలు వదినగారి దగ్గర ఉన్నాయన్నా ఇబ్బంది లేదు.

ఈ చట్టంలో మీకు కావలసినది 19వ సెక్షనులోని ఎనిమిదో ఉపసెక్షను. స్త్రీధనాన్ని, ఆమెకు హక్కున్న ఇతర ఆస్తిని, విలువైన పత్రాలను ఆమెకు తిరిగి అప్పగించమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చని అది స్పష్టంగా చెబుతుంది. విచారణ తేలేలోపు నగలు అమ్మకుండా, లాకరు తెరవకుండా 18వ సెక్షను కింద ఆపించవచ్చు, 23వ సెక్షను కింద మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు, ఇరవై వేల రూపాయల వరకు జరిమానా. మీరు ఇప్పుడు ఉంటున్న హాస్టలు ఏ మేజిస్ట్రేటు కోర్టు పరిధిలో ఉందో అక్కడే అర్జీ వేయవచ్చు, గాజువాకకు తిరగనక్కరలేదు. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో ఉండాలని, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. అరవై రోజుల్లో తేలుతుందని నేను మీకు మాట ఇవ్వను, కానీ సివిల్ దావాతో పోలిస్తే ఇది దగ్గరి దారి. ఈ అర్జీ వేసినంత మాత్రాన అన్నయ్యను అరెస్టు చేయరు. బంధువులు ఫోను చేసి "అన్న మీద కేసు పెట్టావా" అన్నప్పుడు ఆ మాట వారికి చెప్పండి.

స్త్రీ కనుక మీ ఆదాయంతో పనిలేకుండా, న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షను ప్రకారం ఉచితంగా వకీలును పొందే హక్కు మీకుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక అర్జీ రాస్తే చాలు, 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. కేసు వేయకముందే తగాదాను లోక్ అదాలత్ ముందుకు తీసుకురమ్మని అక్కడే కోరవచ్చు. మేనమామ గారు, పెద్దనాన్న గారు కూర్చుని చెప్పిన రాజీకి, లోక్ అదాలత్‌లో రాసుకున్న రాజీకి తేడా ఉంది. పెద్దల ముందు ఒప్పుకున్నది మరునాడు కాదంటే మీరు మళ్లీ మొదటికి వస్తారు. లోక్ అదాలత్ అవార్డు మాత్రం సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, అమలు చేయించుకోవచ్చు. కనుక పెద్దల మాటతో రాజీ కుదిరినా దాన్ని అక్కడికి తీసుకువెళ్లి రాయించుకోండి.

ఈ దారులన్నీ మూసుకుపోతే సివిల్ దావా. ఇలాంటి చిక్కులో ఉన్న మగవారికి గృహ హింస చట్టం వర్తించదు కనుక వారికి ప్రధానమైన దారి ఇదే. నిర్దిష్ట ఉపశమన చట్టం, 1963లోని 7, 8 సెక్షనుల కింద ఫలానా వస్తువునే తిరిగి ఇప్పించమని కోరవచ్చు. దాని బదులు డబ్బు తీసుకోమనడం న్యాయం కాని చోట, లేదా నష్టాన్ని లెక్కకట్టడం కష్టమైన చోట కోర్టు వస్తువునే ఇప్పిస్తుంది. అమ్మ హారం అలాంటిదే. ఆ వస్తువు దొరక్కపోతే ఎంత సొమ్ము ఇవ్వాలో కూడా డిక్రీలో రాయాలని సివిల్ ప్రక్రియా స్మృతి చెబుతుంది, అందువల్ల ప్రతి వస్తువు విలువను దావాలో విడిగా చూపించాలి. కోర్టు ఫీజు ఆ విలువ మీదే ఉంటుంది. కుట్టుమిషను కోసం మాత్రమే దావా వేస్తానంటే నేను వద్దంటాను.

సర్టిఫికెట్ల విషయంలో ఒక హెచ్చరిక. నకళ్లు తొందరగా రావడం కోసం "బస్సులో పోయాయి" అని పోలీసు ఫిర్యాదు రాయించుకోమని మీ స్నేహితురాలు చెప్పారట. అలా చేయకండి. రేపు కోర్టులో అవి అన్నయ్య దగ్గర ఉన్నాయని మీరు చెప్పినప్పుడు, పోయాయని మీరే సంతకం పెట్టిన కాగితాన్ని ఆయన వకీలు మీ చేతికిచ్చి చదవమంటారు. అబద్ధపు ఫిర్యాదు అదే ఒక చిక్కు. పదో తరగతి, ఇంటర్ మార్కుల పత్రాలు డిజిలాకర్లో దొరుకుతాయేమో ముందు చూసుకోండి. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పట్టా నకలు కోసం అర్జీ పెట్టవలసి వస్తే, అవి వేరొకరి అధీనంలో ఉండి ఇవ్వడం లేదని ఉన్నదున్నట్టు రాసి, నోటీసు నకలు జతచేయండి.

స్కూటరు మీ పేరున ఉన్నంతకాలం దాని బాధ్యత కూడా మీదే. అన్నయ్య గారి అబ్బాయి దాన్ని నడుపుతున్నాడని రాశారు. బీమా గడువు ముగిసిన బండితో ప్రమాదం జరిగితే పరిహారం భారం రిజిస్టరు యజమానిగా మీ మీద పడుతుంది. కాబట్టి బండి ఎక్కడ ఉన్నా బీమాను మాత్రం ఆపవద్దు, నోటీసులో ఈ సంగతి ప్రత్యేకంగా రాయించండి.

తాళం మీ దగ్గర ఇంకొకటి ఉందని, వాళ్లు సింహాచలం వెళ్లినప్పుడు వెళ్లి తెచ్చుకోవచ్చా అని అడిగారు. వద్దు. మీరు పది వస్తువులు తెచ్చుకుంటే వారు ఇరవై పోయాయని ఫిర్యాదు చేస్తారు, అప్పటివరకు అడిగేవారిగా ఉన్న మీరు జవాబు చెప్పుకునేవారు అవుతారు.

అన్నయ్య ఇస్తానన్న రోజున, పగటిపూట, ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వెళ్లండి. జాబితా రెండు ప్రతులు తీసుకువెళ్లి, అందిన ప్రతి వస్తువుకు ఎదురుగా ఇద్దరూ సంతకాలు పెట్టండి, సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కేటప్పుడు ఫోనులో వీడియో తీయించండి. బంగారాన్ని నేరుగా కంసాలి దగ్గరికో దుకాణానికో తీసుకువెళ్లి తూకం చీటీ తీసుకున్న తరువాతే హాస్టలుకు వెళ్లండి. రసీదులో "నాకు రావలసినవన్నీ ముట్టినవి" అని రాయమంటారు. అలా రాసిన ఒక్క వాక్యం మీద ఇంటి వాటా దావాలో ఏడాది పాటు వాదనలు జరగడం నేను విన్నాను. "పై జాబితాలోని వస్తువులు మాత్రమే అందినవి, మిగిలిన హక్కులకు దీనితో సంబంధం లేదు" అని రాయండి. ఆయన ఒప్పుకోకపోతే ఆ రోజుకు ఉత్త చేతులతో తిరిగి వచ్చేయండి.

చివరగా, సిగ్గుపడుతూ అడుగుతున్నానని రాసిన ఆల్బమ్ సంగతి. దానికి సిగ్గెందుకు? నగలంటే వాదించే అన్నయ్య కూడా అమ్మ ఫొటోలు చూసుకోవద్దని చెల్లెలిని అనడం కష్టం. కనుక నోటీసు వెళ్లకముందే, మేనమామ గారి ద్వారా ఆల్బమ్‌ను రెండు రోజులకు అడిగించండి, నకళ్లు తీయించుకుని తిరిగి ఇస్తానని చెప్పి, చెప్పినట్టే తిరిగి ఇచ్చేయండి. ప్రతి ఫొటోను వెనక వైపు రాసిన తేదీతో సహా పెద్ద సైజులో స్కాన్ చేయించండి. పిన్నిగారి అబ్బాయి పెళ్లి ఫొటోల్లో హారం మీ మెడలో ఉంటే, అది అమ్మ బతికి ఉండగానే మీ చేతికి వచ్చిందని చెప్పడానికి ఆ ఒక్క ఫొటో చాలా దూరం పనికి వస్తుంది. ఆ స్కాన్లు, బ్యాంకు చీటీ, వాట్సాప్ సందేశం ఈ మూడూ చేతికి వచ్చాక వకీలును కలిసి నోటీసు రాయించండి.